కంప్యూటరెక్కిన జాతర తిట్లు

తిరుపతి,
తిరుచానూరు రోడ్డు,
2007 మే నెలాఖరు.

లద్దాఖు మంచులో కాపలా కాస్తున్న మా బావకు,

మునిలక్ష్మి ముందుగా ఒక నమస్కారం పెట్టి, ఆ వెంటనే ఒక మొట్టికాయ వేసి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్త, ప్రశాంతి, నేను, పెద్దబావ ఇంటివాళ్లు అందరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాం. కాకపోతే ఆ సంగతి రాయి. పోయినసారి జ్వరం వచ్చి తగ్గిపోయిన నెలకు గానీ నువ్వు చెప్పలేదు. అది నేను మరిచిపోలేదు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను. అత్త మోకాలికి ఆ నూనె బాగానే పనిచేసింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ ఆ నొప్పి పేరు చెప్పి మనల్ని సాధించడం తగ్గింది. మన బిడ్డ ప్రశాంతి పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయింది. తెలుగులో, సైన్సులో మంచి మార్కులు వచ్చాయి. లెక్కల్లో మాత్రం నీ పోలిక. మూడోది, గంగమ్మ జాతరకు మొక్కు ఎవరు తీర్చారని అడిగావు. నీ బదులు పెద్దబావే గురువారంనాడు బండ వేషం కట్టాడు. ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వేపమండలు చుట్టుకుని, వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కరినీ వదలకుండా తిట్టుకుంటూ పోయాడు. అంత నెమ్మదస్తుడి నోట్లో అన్ని మాటలు ఎక్కడ దాగి ఉన్నాయో ఆ గంగమ్మకే తెలియాలి.

ఇక నాలుగో ప్రశ్న. “ఇంటర్నెట్ సెంటరు మూసేశావా? అన్న చెప్పినట్టు విను” అని రాశావు. దానికి జవాబు చివర్లో ఉంది. ముందే అక్కడికి దూకావంటే నా మీద ఒట్టే. ఎందుకంటే మధ్యలో నేను చేసిన ఒక పని ఉంది. అది చదవకుండా జవాబు ఒక్కటే చదివితే నీకు అర్థం కాదు.

సెంటర్లో క్యాబిన్లకు తలుపులు పీకించానని రాశాను కదా. తలుపులు పోయాయి, ఆ తలుపుల కోసమే వచ్చే కుర్రాళ్లూ పోయారు. బస్సు టిక్కెట్ల కోసం, గదుల బుకింగు కోసం ఒకరిద్దరు యాత్రికులు రావడం తప్ప పొద్దుటిపూటలు ఖాళీ. పెద్దబావ వచ్చి ఆ ఖాళీ కుర్చీలు చూసి, జాతర కాగానే ఇక్కడ దేవుడి పటాలు, రాగిచెంబులు అమ్మే కొట్టు పెడదామని అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆయన తప్పేం లేదు. ఈ రోడ్డు మీద అమ్ముడయ్యేవి అవే. నాకు మాత్రం ఆ గది పోతే నేను మళ్లీ వంటింటికి, అక్కడి నుంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింటికి. ఆ ఆలోచనకే నాకు ఊపిరాడేది కాదు. ఈ మాట నీకు ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. నీ వెనకాల ఇంకో పదిమంది ఫోను కోసం నిలబడి ఉంటే మనం ఏం చెప్పుకుంటాం?

ఉగాది అయిన కొత్తలో విశాఖపట్నం యాత్రికుడొకాయన టిక్కెట్టు ప్రింటు తీసుకుని, తను చూస్తున్న పేజీ మూయకుండా వెళ్లిపోయాడు. చూస్తే తెలుగు. మన కంప్యూటర్లో తెలుగంటే డబ్బాలు డబ్బాలుగా కనపడటమే నాకు తెలుసు. ఆ ఒక్క సిస్టంలో ఎట్లా కుదిరిందో గుండ్రంగా, ముద్దుగా అక్షరాలు. ఏదో పత్రిక అనుకున్నాను. పేరు కోసం వెతికితే పత్రిక పేరు లేదు, సంపాదకుడు లేడు. ఎవరో పోస్టుమాస్టరు తన వంటింట్లో తిరిగే చీమల గురించి రాసుకుంటున్నాడు. ఏ చీమ ఎటు పోయింది, చక్కెర డబ్బా మూత ఎట్లా కనిపెట్టింది, వాన వచ్చే ముందు గుడ్లు ఏ గోడ పక్కకు మార్చింది. రెండేళ్ల నుంచీ చీమలే. వాటిని బ్లాగులంటారట. ఎవరి బ్లాగు వాళ్లది. రాయమని అడిగేవాడు లేడు, వద్దనేవాడూ లేడు.

ఆ పేజీ పక్కన ఆయనకు నచ్చిన వేరేవాళ్ల పేర్లు ఉన్నాయి. ఒకటి నొక్కితే ఇంకొకరి ఇంట్లో తేలాను. అక్కడి నుంచి ఇంకొకరింటికి. నిజామాబాదులో ఒక లెక్చరరమ్మ మేఘాల ఫొటోలు తీసి వాటికి పేర్లు పెడుతుంది. ఒకాయన పాత తాళాల గురించి తప్ప ఇంకేమీ రాయడు. నత్తి ఉన్న ఒక అమ్మాయి, నోటితో చెప్పలేనివన్నీ అక్కడ గడగడా చెబుతుంది. బెండకాయ మీద పగబట్టి రాసేవాడొకడు ఉన్నాడు, వాడికి ఏం అన్యాయం జరిగిందో పాపం. విజయనగరంలో భార్య పోయిన ఒక పెద్దాయన వంట నేర్చుకుంటూ, మాడిపోయిన కూరల ఫొటోలతో సహా ఏ దాపరికం లేకుండా పెడతాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారే, ఆ ఆనందమంతా ఒకచోట పోగేసినట్టు ఉంది. బావా, నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చదువుకున్న నాటి నుంచీ, అచ్చులో కనిపించేది పెద్దవాళ్ల మాట, మనబోటివాళ్లం దాన్ని చదవడానికే ఉన్నాం అనుకునేదాన్ని. ఇక్కడ మాట్లాడుతున్నదంతా మనబోటివాళ్లే.

ఆ సంతోషం ఒక్కదాన్నే మింగలేక పెళ్లిళ్ల పేరయ్య పని మొదలుపెట్టాను. వీధిలో ఎవరికి ఏ బ్లాగు కుదురుతుందో జాతకాలు చూడటం. మన పక్కింటి పెంచలయ్య మామ ఉన్నాడు కదా, కొండ మీదికి బస్సు నడిపి రిటైరైనాయన. ఆయనకు శ్రీశైలం ఘాటు మలుపుల గురించి రాసే ఒక లారీ ఓనరును కుదిర్చాను. ఇప్పుడు పొద్దున్నే కాఫీ తాగి, ఆయప్ప ఈ పొద్దు ఏం రాసినాడని వచ్చి కూర్చుంటాడు. అత్తకు విజయనగరం పెద్దాయన వంటలు చదివి వినిపించాను. ఆమె కంప్యూటరును చూస్తూ ఆయన్ను తిట్టింది, పోపులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో తెలియదా అని. నేను దాన్ని మర్యాదగా మార్చి కింద రాశాను. చదివినవాళ్లు అభిప్రాయం రాయడానికి అక్కడ చోటు ఉంటుంది. మరుసటి రోజుకు ఆయన జవాబు: అమ్మగారూ, మీరు చెప్పినట్టు చేస్తే పులుసు కుదిరింది, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. విజయనగరంలో తనకొక శిష్యుడున్నాడని అత్త వీధిలో నలుగురికీ చెప్పుకుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక చిన్నబ్బ సంగతి.

జాతర చాటింపు పడిన మర్నాడు, బుధవారం, చిన్నబ్బ అనే పేరుతో ఒకతను రాసింది కంటపడింది. గుజరాత్‌లో ఏదో సిమెంటు ఫ్యాక్టరీలో పని. అసలు ఊరు మన తాతయ్యగుంట గంగమ్మ గుడి పక్కనే. తెలియనివాళ్ల కోసం ముందు కథ చెప్పాడు. ఆడపిల్లలను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడనీ, వాడిని బయటికి రప్పించడానికి అమ్మవారు రోజుకో వేషం కట్టి బూతులు తిడుతూ ఊరంతా వెతికిందనీ, అందుకే జాతర వారంలో వేషాలు కట్టినవాళ్లు తిడితే మా ఊరివాళ్లు కోపం తెచ్చుకోరు, దీవెన అనుకుంటారనీ. ఆ తరువాత ఇట్లా రాశాడు: “మాయమ్మ ఉన్నన్నాళ్లు ఈ వారంలో ఫోను చేసి తిట్టేది. పోయినేడు ఆమె పోయింది. ఈసారి నన్ను తిట్టేదానికి ఎవరూ లేరు.”

గురువారం పొద్దున అత్తకు ఇది చదివి వినిపించాను. చదువుతుంటే నాకు నువ్వు గుర్తొచ్చావు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఎవురూ లేరంట. మనం సచ్చినామా? కొట్టు మునీ, నేను సెప్తా.”

ఆమె చెప్పింది, నేను కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడే ఉపాయం ఒకటి ఉంది, అప్పటికి నా చెయ్యి బాగా తిరిగింది. “ఒరే చిన్నబ్బా, దొంగ నాబట్టా, ఊరిడిసి పొయ్యి ఉప్పునేలలో దాక్కున్నావా, నీ మొగాన పేడనీళ్లు సల్ల” అని మొదలయింది. తరువాతవి ఇక్కడ రాయను. మీ దగ్గర ఉత్తరాలు చూసే ఆఫీసరు తెలుగువాడైతే నీకు తలవంపులు. అత్త ఆపినచోట నేను అందుకున్నాను. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు కదా. చివర సంతకం పెట్టాలి కాబట్టి పెట్టాను: హవల్దారు హరినాథ్ భార్య మునిలక్ష్మి, ఇంటర్నెట్ సెంటరు, తిరుచానూరు రోడ్డు, తిరుపతి. ఉత్తరమంటే అడ్రసు ఉండాలనుకున్నాను. అక్కడ ఎవరూ అడ్రసులు వెయ్యరని నాకేం తెలుసు.

ఇదీ బావా నేను చేసిన పని. నీ పేరు, నీ హోదా, మన ఇంటి అడ్రసు వేసి లోకమంతా చూసేచోట బూతులు తిట్టాను. ఈ ముక్క రాయడానికి నాలుగు రోజులు వాయిదా వేశాను.

శుక్రవారం తెరిచి చూస్తే అక్కడ కొంప మునిగి ఉంది. పైన కథ చదవకుండా కింద తిట్లు మాత్రం చదివేవాళ్లు ఎక్కడైనా ఉంటారు కదా. రాజమండ్రి నుంచి ఒకావిడ, పుణ్యక్షేత్రంలో ఉండి ఆడమనిషి నోటితో ఈ మాటలా అని రాసింది. ఇంకొకాయన తన బ్లాగులో దీని మీదే పెద్ద వ్యాసం రాసి, మన సెంటరు పేరు పెట్టి, పోలీసులకు చెప్పాలన్నాడు. దానికింద ఒకరి తరువాత ఒకరు అవునంటే అవునని. చిన్నబ్బ మాత్రం ఉలకలేదు, పలకలేదు. అతనికీ కోపం వచ్చిందనుకున్నాను. నాకు అన్నం సయించలేదు.

హైదరాబాదులో చదువుకుంటున్న పెద్దబావ కొడుకు అది చూసి ఇంటికి ఫోను చేశాడు. శనివారం పొద్దున పెద్దబావ వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఈదిలో తిట్టేది వేరే మునీ. అది అమ్మవారికి. నువ్వు మన అడ్రసేసి, నా తమ్ముడి పేరేసి, దేశమంతా సూసేటట్టు తిడితివి. రేపు వాడు ఆడ తలెత్తుకోవాల్నా వద్దా?”

ఆయనే షట్టరు కిందికి లాగి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ, బుధవారం వడ్రంగి వస్తాడు, పటాలకు అరలు కొట్టించాలి అన్నాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. సెంటరు పోయినందుకు ఒకటి, చిన్నబ్బను బాధపెట్టినందుకు ఒకటి, నీ పేరు చెడగొట్టినందుకు ఇంకొకటి.

ఆదివారం అత్త చీర మార్చుకుని వచ్చి, పద అంది. ఎక్కడికి అంటే, ఆ పిల్లోడు ఏమన్నాడో చూడాలి, ఊర్లో ఇంకో కంప్యూటరు లేదా అంది. చాటింపు పడ్డాక ఊరు దాటకూడదు గానీ వీధి దాటకూడదని ఎవరూ చెప్పలేదట. ఆ మోకాళ్లతో ఆటో ఎక్కి బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వచ్చింది. సొంతంగా సెంటరు పెట్టుకున్నదాన్ని వేరేవాడి సెంటర్లో వేరేవాడి కుర్చీలో కూర్చున్నాను. ఆ పేజీ తెరిచాను.

చిన్నబ్బ జవాబు రాసి ఉన్నాడు. డ్యూటీ మీద వేరే చోటికి పోయి శనివారం సాయంత్రానికి వచ్చాడట. ఆఫీసులో కూర్చుని నా తిట్లు చదివి మొదట పకపకా నవ్వాడట, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడట. పక్కనున్న గుజరాతీవాళ్లు భయపడి నీళ్లు తెచ్చి ఇచ్చారట. తప్పుపట్టినవాళ్లకు ఇట్లా రాశాడు: “మాయమ్మ పోయినంక నాకందిన మొదటి దీవెన ఇది. ఈ అక్కను ఎవరేమన్నా నన్నన్నట్టే.”

దానికింద ఉన్నవి అత్తకు గట్టిగా చదివి వినిపించాను. అక్కా, నాది కొర్లగుంట, బొంబాయిలో ఉండా, నాకెందుకు తిట్టు లేదు? అమ్మా, మాది చంద్రగిరి, ఒరిస్సా గనుల్లో పని, జాతర చూసి ఆరేళ్లయింది, నన్నూ తిట్టండి. నేను మీ ఊరిదాన్ని కాదు, మా అత్తగారిది మీ ఊరు, చిన్నది ఒకటి దొరుకుతుందా? ఎన్ని ఊళ్ల పేర్లో బావా, లెక్కపెట్టలేదు. వ్యాసం రాసినాయన వ్యాసం తీసేసి, తెలియక రాశాను క్షమించమన్నాడు. రాజమండ్రి ఆవిడైతే, మా అబ్బాయి పరీక్ష రాస్తున్నాడు, వాడిని కాస్త గట్టిగానే తిట్టండి అంది. చీమల పోస్టుమాస్టరు తనకు వద్దు గానీ చీమలను తిట్టమన్నాడు.

నేను చదువుతుంటే ఆ సెంటర్లో ఉన్నవాళ్లు చుట్టూ మూగారు. అత్త ఇంకొక్క నిమిషం అక్కడ నిలబడలేదు. ఆటోలో నేరుగా పెద్దబావ ఇంటికి. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

“నువ్వు బేస్తారం కుంకం పూసుకోని ఈదంతా తిట్టినావు. నీ ఇంటికి ఎవురన్నా తాళమేసిరా? ఆడ బిడ్డలు మంగళారం లోపల తిట్టు కావాలని కాసుకోనుండారు. జాతరయిపోతే మళ్లా ఏడాది ఆగాల. బీగం ఇయ్యి దామోదరం.”

పెద్దబావ నన్ను చూశాడు. నేను ఆ పేజీలు ప్రింటు తీయించి తెచ్చాను, ఆయన ముందు పెట్టాను. ఎడం చేత్తో పట్టుకుని చివరి దాకా చదివాడు. చెయ్యి కడుక్కుని, తాళంచెవి నాకు ఇవ్వకుండా, తనే వచ్చి షట్టరు ఎత్తాడు. మంగళవారం దాకా, ఆ తరువాత చూద్దాం అన్నాడు.

ఆ రెండు రోజులు నువ్వు చూడాల్సింది బావా. వీధి వీధంతా మన సెంటర్లోనే. టైపు కొట్టేది నేను, ప్రశాంతి. తిట్టేది అందరూ. పూలమ్మేవాళ్లు గంపలు గుమ్మంలో దించి, కొర్లగుంటవాడెవడు, మా పక్కోడే, నాకు వదులు అని వరసలో నిలబడ్డారు. పెంచలయ్య మామ తన శ్రీశైలం లారీ ఓనరును, మలుపులో హారను కొట్టని నాబట్టా అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా దిగిపోయాడు. అత్త విజయనగరం శిష్యుడిని ఇంగువతో సహా తిట్టింది. ఒక్కొక్కటి పోగానే అవతలి నుంచి అందిందని జవాబు. అందిందమ్మా, కడుపు నిండింది. అందింది అక్కా, మా పిల్లలకు కూడా చదివి వినిపించాను, అర్థం చెప్పలేక చస్తున్నాను. యాత్రికులు గదుల సంగతి మరిచిపోయి రోడ్డు మీద నిలబడి చూశారు. ప్రశాంతికి ఏవి కొట్టనివ్వాలో ఏవి కొట్టనివ్వకూడదో చూసుకోవడమే నాకు పెద్ద పని అయింది. నాకు ఈ జన్మలో అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. రాణిలా కూర్చున్నాను ఆ కుర్చీలో.

పెద్దబావ రెండు రోజులూ గుమ్మం దగ్గరే. మొదట కాపలా అనుకున్నాను. తరువాత చూస్తే వరస సరిచేస్తున్నాడు, ముసలివాళ్లకు కుర్చీ వేస్తున్నాడు. మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక లోపలికి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“మునీ, హరిగాడికి ఒకటి కొట్టు.”

నీ దగ్గర కంప్యూటరు లేదని చెప్పాను. అయితే రాసుకో, ఉత్తరంలో పంపు అన్నాడు. నా మొహం చూస్తూ చెప్పలేక గోడ వైపు తిరిగాడు. చెప్పడం అయ్యాక కూడా వెంటనే ఇటు తిరగలేదు. గోడకే చెప్పాడు, పటాల కొట్టు యాడైనా పెట్టుకోవచ్చు, ఇది ఈడనే ఉండనీ అని. బుధవారం వచ్చిన వడ్రంగి అరలు కొట్టలేదు. ఇంకో నాలుగు కుర్చీలు బాగుచేసి పోయాడు.

కాబట్టి నీ నాలుగో ప్రశ్నకు జవాబు. మూయలేదు. మూయను. నువ్వు మూసేయమని రాసిన ఉత్తరం వచ్చి చాలా రోజులయింది, చూసీ చూడనట్టు ఉన్నాను, అందుకు ఏమైనా అనదలుచుకుంటే వచ్చి అను. నేను కూడా ఒక బ్లాగు మొదలుపెట్టాను. మన రోడ్డు మీదికి వచ్చేపోయేవాళ్ల గురించి. చిన్నబ్బ మొదటి పాఠకుడు, చీమలాయన రెండోవాడు.

ఇక నీ వంతు. జాతర లోపలే పలికిన మాట కాబట్టి చెల్లుతుంది, ఆలస్యంగా అందినా పర్వాలేదట, అత్తను అడిగాను. పెద్దబావ చెప్పింది ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. టోపీ తీసి, తల వంచి చదువుకో.

“ఒరే హరిగా, దొంగ నాబట్టా, మూడేండ్లాయ నువ్వు జాతరకు రాక. నీ ఏసం నేను కట్టాల్సొచ్చె, వొళ్లంతా దద్దుర్లు లేసె. నీ కాళ్లిరగ, ఆ మంచులో సూసి నడువు. నీ నోట్లో మన్ను బడ, యాళకింత తిను. నీ మొగం మండ, జొరమొస్తే దాసిపెట్టొద్దు. నువ్వు లేకుంటే ఈ ఇంట్లో నాకు తిట్టేదానికి ఎవురుండారు రా.”

ఇట్లు,
తిట్టి తిట్టి గొంతు పోయినా మనసు నిండిన
నీ మరదలు, నీ పెళ్లాం,
మునిలక్ష్మి.